పువ్వు వెడల్పా, నిండు గింజలా? పొద్దుతిరుగుడు ఎంపికలో ఏది మేలు

ఎంఎస్సీ అగ్రికల్చర్ పిల్లలు పొద్దుతిరుగుడు మడిలోకి దిగగానే అడిగేది ఒకటే: "దిగుబడి కోసం మొక్కలో ఏం చూడాలి సార్?" జవాబు చెప్పేలోపే వాళ్ల చేతిలోని స్కేలు అన్నిటికంటే పెద్ద పువ్వు మీదికి వెళ్తుంది.

అందులో అర్థం లేకపోలేదు. పువ్వు వెడల్పుకీ దిగుబడికీ సహసంబంధం చాలా ప్రయోగాల్లో గట్టిగానే కనిపిస్తుంది. పైగా కొలవడం తేలిక, నూర్పిడి దాకా ఆగక్కర్లేదు. వందల మొక్కల్లోంచి తర్వాతి తరానికి కొన్నిటిని ఏరాల్సినప్పుడు ఇదేమీ చిన్న లాభం కాదు.

నా అనుమానమల్లా ఆ వెడల్పు ఎక్కడి నుంచి వచ్చిందనే. నల్లరేగడిలో 60×30 సెం.మీ. దూరంతో విత్తితే మొక్కకి 1,800 చదరపు సెంటీమీటర్ల జాగా. మధ్యలో ఒకటి మొలవకపోతే అటూ ఇటూ ఉన్నవి ఆ జాగా పంచుకుని బలుస్తాయి. గట్టు పక్క వరసా అంతే. అలాంటి మొక్క విత్తనాన్ని మరుసటి ఏడు నిండు వరసలో వేస్తే మామూలు పువ్వే వస్తుంది.

పెద్ద పువ్వు మధ్యలో బొటనవేలితో నొక్కి చూడండి. అంచున గింజలు నల్లగా, గట్టిగా తగులుతాయి. నడిమికి వచ్చేసరికి చాలాసార్లు చప్పగా అణిగిపోయే తాలు. మనం ఒక పువ్వు అనేది నిజానికి బోలెడు చిన్న పూల గుత్తి. ఆ చిన్న పూలు అంచు నుంచి లోపలికి రోజుకి కొన్ని వరసల చొప్పున విచ్చుకుంటాయి. నడిమి పూల వంతు వచ్చేటప్పటికే బయటి గింజలు ఆహారం లాగేసుకుంటూ ఉంటాయి.

అందుకే నా ఓటు పువ్వుకి ఎన్ని నిండు గింజలన్నదానికే. పాత్ అనాలిసిస్‌తో (ఒక గుణం దిగుబడి మీద నేరుగా ఎంత, వేరే గుణాల ద్వారా ఎంత పనిచేస్తుందో విడదీసే లెక్క) వెడల్పుకీ దిగుబడికీ ఉన్న సహసంబంధాన్ని విడగొట్టి చూస్తే వెడల్పు ప్రభావంలో చాలావరకు గింజల సంఖ్య ద్వారా వచ్చిందేనని తరచూ తేలుతుంది. మొత్తం లెక్కపెట్టే ఓపిక లేకపోతే పువ్వులోంచి అంచు నుంచి నడిమి దాకా ఒక ముక్క కోసి, నిండువీ తాలువీ విడిగా లెక్కపెట్టండి చాలు.

"గింజ కట్టడం తేనెటీగల చేతిలో ఉంది కదా?" అంటారు. నిజమే, బోరాన్ లోపించినా తాలే. అందుకే పసుపు రేకులు విచ్చే దశలో అన్ని మడులకీ ఒకేలా లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ కలిపి కొట్టిస్తాం. ఈగల తేడా పోవాలంటే పువ్వు విచ్చకముందే గుడ్డ సంచి కట్టాలి. సంచి లోపల కూడా బాగా గింజ కట్టిన మొక్కకి తన పుప్పొడితో నిలబడే గుణం ఉన్నట్టే.

వంద గింజల బరువు రెండో స్థానం. దాన్ని ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం: గింజలు తక్కువ కట్టిన పువ్వులో ఉన్నవి లావెక్కుతాయి. లావు గింజలో పొట్టు వాటా కూడా తరచుగా ఎక్కువే, నూనె మిల్లుకి అది పనికిరాదు.

ఎత్తు, ఆకుల సంఖ్య రాసుకోండి, అంతే. మరీ ఎత్తైతే గాలికి పడిపోతుంది. పూతకి పట్టే రోజులు మాత్రం పంట కాలాన్ని బట్టి చూసుకోవాలి. మార్డెన్ లాంటి 80-85 రోజుల పొట్టి రకం నుంచి ఆలస్యపు హైబ్రిడ్ దిగుబడి ఆశించకూడదు.

తరం ముందుకు నడపడానికి ఎఫ్2 (సంకరం తర్వాత రెండో తరం) మొక్కలకి ఎలాగూ సంచి కడతాం కాబట్టి ఈ లెక్కకి అదనపు ఖర్చేమీ లేదు. హైబ్రిడ్ విత్తనానికి ఆడ మొక్కగా వాడే సీఎంఎస్ (మగ వంధ్యత్వం ఉన్న) 'ఎ' లైనుకి మాత్రం కట్టకండి. దానికి పుప్పొడే ఉండదు, అంతా తాలే వస్తుంది. పరీక్ష దాని జోడు 'బి' లైను (అదే రకం, కానీ పుప్పొడి ఉన్నది) మీద చేయాలి.