పర్లాకిమిడిలో కొన్న పన్నెండు కోడిపిల్లలు, "అన్నీ పెట్టలే" అన్న మాట

ఒడిశాలోని పర్లాకిమిడి సంతకు వెళ్ళే దారిలో కోడిపిల్లలు, దాణా అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉంది. సంక్రాంతి వెళ్ళాక అక్కడ పన్నెండు పిల్లలు కొన్నాను. పెరట్లో పెంచే వనరాజా రకం, ఎనిమిది రోజుల పిల్లలు అన్నాడు దుకాణదారు. ఒక్కొక్కటి 45 రూపాయలు. "పెట్టలే కావాలంటే పిల్లకు 15 ఎక్కువవుతుందమ్మా, నేనే ఏరి ఇస్తాను" అన్నాడు. మేము కోళ్ళు పెంచేది గుడ్ల కోసమే కాబట్టి 720 రూపాయలు ఇచ్చి తెచ్చుకున్నాను.

ముందు మంచి చెప్పాలి. పిల్లలు చురుకుగా ఉన్నాయి, ఏ ఒక్కదానికీ వెనుక రెట్ట అంటుకుని లేదు. కొక్కెర తెగులుకు ఏడో రోజున లసోటా టీకా చుక్కలు వేసినట్టు చీటీ రాసి ఇచ్చాడు. గంబోరో అనే ఇంకో తెగులు టీకా చుక్కలకు పద్నాలుగో రోజున రమ్మన్నాడు, వెళితే డబ్బు తీసుకోలేదు. పన్నెండుకు పన్నెండూ బతికాయి. మా పెరట్లో ఇంతకు ముందు ఎప్పుడూ అలా జరగలేదు. పిల్లల ఆరోగ్యం కోసమైతే ఈ దుకాణానికి కళ్ళు మూసుకుని వెళ్ళవచ్చు.

పెట్టల సంగతే వేరు. ఆ రోజు ఆయన ఒక్కో పిల్ల రెక్క విప్పి, ఈకల పొడవు చూసి ఏరాడు. నేను నమ్మాను. తరువాత తెలిసింది, రెక్క ఈకలతో ఆడమగ తేల్చడం పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లోనే కుదురుతుందని. అదీ అన్ని పిల్లలకూ కాదు. ఈకలు త్వరగా వచ్చే పుంజును, ఆలస్యంగా వచ్చే పెట్టను కావాలని జతకట్టించి తీసిన పిల్లల్లోనే ఆ తేడా కనిపిస్తుంది. ఎనిమిది రోజుల పిల్లలో రెక్క చూసి చెప్పేది ఊహ మాత్రమే.

మా అత్తయ్య పద్ధతి ఇంకొకటి. పిల్లను కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తితే, తల పైకి లేపేది పుంజు, వేలాడేసేది పెట్ట అంటుంది. ఆవిడ చెప్పినట్టే చూసి, కాళ్ళకు రంగు దారాలు కట్టి లెక్క రాసుకున్నాను. చివరికి పన్నెండింటిలో ఆరే సరిపోయాయి. కళ్ళు మూసుకుని చెప్పినా అన్నే సరిపోతాయి.

ఐదో వారం దాటాక అవే చెప్పడం మొదలుపెట్టాయి. కొన్నింటికి జుట్టు (తల మీది కండ) గులాబీ రంగులోంచి ఎరుపులోకి తిరిగింది, గొంతు కింద తోలు వేలాడింది, కాళ్ళు లావెక్కాయి. అవే పిల్లలకు వీపు మీద ఈకలు ఆలస్యంగా వచ్చాయి. పెట్టలకు తోక ముందే నిండింది, జుట్టు మాత్రం చిన్నగా, పాలిపోయి ఉంది. మూడో నెలలో సందేహం లేకుండా పోయింది. నడుము దగ్గర ఈకల కొసలు పుంజులకు సన్నగా, మొనదేలి దిగాయి, పెట్టలకు గుండ్రంగానే ఉన్నాయి. లెక్క తేలింది: ఏడు పుంజులు, ఐదు పెట్టలు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది మూడు పసుపు పిల్లలు. మిగిలిన తొమ్మిదీ గోధుమ, నలుపు చారల పిల్లలు. ఆ మూడు పెరిగి తెల్లని ఈకలు, పెద్ద జుట్టు, తెల్లని చెవి తమ్మెలతో తేలాయి. అవి వనరాజా కాదు, గుడ్ల కోసం ఫారాల్లో పెంచే తెల్ల జాతి లెగ్‌హార్న్. మూడూ పుంజులే. గుడ్ల ఫారాలకు పిల్లలు తీసే హేచరీలు పెట్టపిల్లలను ఫారాలకు పంపి, మగపిల్లలను చవకగా వదిలించుకుంటాయి. గంపల్లో రంగులద్ది వీధుల్లో అమ్మేవి చాలావరకు ఇవే. తెల్ల జాతి పసుపు పిల్ల చవకగా దొరికిందంటే దాదాపుగా పుంజే. పెట్టలన్న పేరుతో అవే రావడం నన్ను కష్టపెట్టింది.

వెళ్ళి చెప్పాను. ఆయన వాదించలేదు. ఏడింటికి ఎక్కువ తీసుకున్న 105 రూపాయలు తిరిగి ఇచ్చి, "టోకుగా తెచ్చేచోట ఎలా చెబితే అలాగే చెప్పానమ్మా" అన్నాడు. మోసం చేసే మనిషిగా అనిపించలేదు. తెలియని దానికి ధర కట్టాడు, అది తప్పే.

ఆయన దగ్గర ఆరేడు వారాల పెరిగిన పిల్లలూ ఉంటాయి, ఒక్కొక్కటి 180. ఆ రోజే నాలుగు కొన్నాను, ఈసారి నేనే ఏరుకున్నాను. పొద్దుటి వెలుతురులో బయటకు తెప్పించి, ఒక్కొక్కదాని జుట్టూ కాళ్ళూ పక్కపక్కన పోల్చి చూశాను. పందెం కోళ్ళ జాతి అసిల్ అని ఒకటి చూపించాడు. జుట్టు ఒంటి పొరగా, రంపపు పళ్ళలా నిలబడి ఉంది. అసలైన అసిల్‌కు జుట్టు తలకు అంటుకుని మూడు చిన్న వరుసలుగా ఉంటుంది. వద్దన్నాను. కడక్‌నాథ్ అన్న నల్లపిల్ల నోరు తెరిచి చూస్తే నాలుక గులాబీ రంగు, కాళ్ళు తెల్లన. ఆ జాతికి నాలుక, కాళ్ళు, చర్మం కూడా నలుపు తిరిగి ఉండాలి. ఈకలు నల్లగా ఉన్నంత మాత్రాన 350 రూపాయలు ఎందుకు ఇవ్వాలి? పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) కూడా అలాంటిదే ఒకటి కొనబోతుంటే ఆపాను.

నేను ఏరుకున్న నాలుగూ పెట్టలే. దుకాణానికి ఐదు నక్షత్రాలకు మూడు ఇస్తున్నాను, ఆ మూడూ పిల్లల ఆరోగ్యానికీ, డబ్బు తిరిగి ఇచ్చినందుకూ. దసరా తరువాత మళ్ళీ పది తెచ్చుకుంటాను. 45 ధరకే, ఆడమగ కలిపి. పసుపు పిల్లలను మాత్రం గంపలోకి రానివ్వను.