మోటార్ స్లైడర్ ఎవరికి పనికొస్తుంది? ఏళ్ల తరబడి వాడాక నా మాట

మోటార్ స్లైడర్ అంటే కెమెరాను పట్టాల్లాంటి రాడ్ల మీద మోటార్‌తో మెత్తగా జరిపే పరికరం. అది కొనాలా వద్దా అని అడిగేవాళ్లను నేను ముందు అడిగేది ఒకటే: ఒకే కదలికను మళ్లీ మళ్లీ, తేడా రాకుండా తీయాల్సిన పని మీకు ఉందా? ఉంటే కొనండి. కెమెరా మెత్తగా అటూ ఇటూ జరిగితే చాలనుకుంటే మోటార్ లేని స్లైడర్ సరిపోతుంది. చేయి తిరిగినవాళ్లకైతే గింబల్ (చేత్తో పట్టుకున్నా కెమెరా కుదుపులను సర్దే పిడి) కూడా చాలు. నేను విజయవాడలో ఉంటూ పెళ్లిళ్లు, నగల షాపుల యాడ్లు, చేతిపనుల మీద చిన్న వీడియోలు తీస్తుంటాను. ఈ మూడు పనుల్లో స్లైడర్ ఒక్కోదానికి ఒక్కోలా పనికొచ్చింది, ఒకదానికి మాత్రం దాదాపు పనికిరాలేదు.

నా దగ్గరున్నది 80 సెంటీమీటర్లది. రెండు కార్బన్ ఫైబర్ రాడ్లు, వాటి మీద చిన్న చక్రాలతో నడిచే ప్లేటు, దాన్ని లాగే పళ్ల బెల్టు, ఒక చివర చిన్న చిన్న అడుగులుగా తిరిగే స్టెప్పర్ మోటార్. ఎల్‌ఈడీ లైట్లకు వాడే ఎన్‌పీ-ఎఫ్ రకం బ్యాటరీలే దీనికీ సరిపోతాయి కాబట్టి బ్యాగులో వేరే ఛార్జర్ మోయక్కర్లేదు. నా కెమెరా సోనీ ఏ7 త్రీ, బ్యాటరీతో కలిపి 650 గ్రాములు. దానికి 24-70 జీ మాస్టర్ లెన్స్ తగిలిస్తే ఇంకో 886 గ్రాములు. కెమెరాను ఎటైనా తిప్పి బిగించే బాల్ హెడ్ కూడా కలిపితే రెండు కిలోల దగ్గరికి వస్తుంది.

ఈ బరువు గురించి అమ్మేవాళ్లు చెప్పరు. స్లైడర్‌ను మధ్యలో ఒకే ట్రైపాడ్ మీద బిగిస్తే, కెమెరా చివరికి చేరేసరికి ఆ వైపు కొద్దిగా కిందికి వంగుతుంది. అక్కడ నిలబడి చూస్తే తెలియదు. వీడియోలో మాత్రం వెనకున్న గోడ గీత మెల్లగా వాలిపోవడం స్పష్టంగా కనిపిస్తుంది. రెండు చివర్లా రెండు ట్రైపాడ్లు పెట్టడమే దీనికి సరైన మందు. రెండోది లేకపోతే గట్టి లైట్ స్టాండ్ అయినా ఆనించాలి. బల్ల మీదో నేల మీదో పెట్టి తీయగలిగితే అంతకన్నా మంచిది లేదు.

కొండపల్లి బొమ్మల మీద వీడియో తీసినప్పుడు ఈ స్లైడర్ పెట్టిన ఖర్చుకు తగ్గ పని చేసింది. అక్కడ వాడేది తెల్లపొణికి కర్ర, చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు. బొమ్మ భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అది ఆరాక సున్నం పూసి, ఆపైన రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు ఉత్త చెక్కగా ఉన్నప్పుడు ఒక షాట్, సున్నం పూశాక ఒకటి, రంగులన్నీ పడ్డాక ఒకటి తీశాను. మూడింట్లోనూ కెమెరా ఒకే చోట బయల్దేరి, ఒకే వేగంతో వెళ్లి, ఒకే చోట ఆగింది. ఎడిటింగ్‌లో మూడూ ఒకదాని మీద ఒకటి పెట్టి డిజాల్వ్ ఇస్తే (ఒక షాట్ మెల్లగా ఇంకో షాట్‌లోకి కలిసిపోయేలా చేస్తే), కెమెరా ఏనుగు తొండం దగ్గర్నుంచి అంబారీ వైపు సాగుతుండగానే చెక్క తెల్లబడుతుంది, తెలుపు మీదికి రంగులు వచ్చి చేరతాయి. ఎంత నేర్పున్నవాళ్లకైనా చేత్తో తోసే స్లైడర్‌తో ఇది కుదరదు.

అయితే ఇందులో యంత్రం చేసేది సగమే. దశకూ దశకూ మధ్య గంటలు గడుస్తాయి, కాబట్టి ట్రైపాడ్ కాళ్ల చుట్టూ నేల మీద టేప్ వేసి, బొమ్మ అడుగున పీట మీద పెన్సిల్‌తో గీత గీసుకోవాలి. ఫోకస్, ఐఎస్ఓ, అపర్చర్, వైట్ బ్యాలెన్స్ లాంటి వెలుగు, రంగు సెట్టింగులన్నీ మాన్యువల్‌లో లాక్ చేయాలి. కిటికీ వెలుతురు గంటకో రంగు మారుతుంది కనుక దాన్ని మూసేసి సొంత లైట్ పెట్టుకోవాలి. పవర్ తీస్తే నా స్లైడర్ ఏ, బీ పాయింట్లు, అంటే బయల్దేరే చోటు, ఆగే చోటు మర్చిపోతుంది. అందుకే రాడ్ల పక్కన ఫ్రేమ్ మీద సన్నటి టేప్ ముక్కలు అంటించి గుర్తులు పెట్టుకుంటాను. ఇంకో సంగతి: స్టెప్పర్ మోటార్ తాను ఎన్ని అడుగులు వేసిందో లెక్కపెట్టుకుంటుందే తప్ప ప్లేటు నిజంగా ఎక్కడుందో చూడదు. మానిటర్ కేబుల్ ఎక్కడో చిక్కుకుని ప్లేటు ఒక్క క్షణం ఆగినా ఆ లెక్క తప్పుతుంది, అక్కడి నుంచి ప్రతి షాటూ కొంచెం పక్కకు పడుతుంది. కేబుల్‌ను వదులుగా, పైనుంచి వచ్చేలా కట్టుకోవడం తప్పనిసరి.

నగల యాడ్లకు వేరే కష్టం. కెమెరా కదిలితేనే రాళ్ల మెరుపు ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి దూకుతుంది, అందుకని స్లైడర్ అక్కడ బాగా పనికొస్తుంది. కానీ చిన్న వస్తువులను బాగా దగ్గరగా తీసే మాక్రో లెన్స్ వేసి, మోటార్‌ను అతి తక్కువ వేగంలో నడిపితే సన్నటి వణుకు కనిపిస్తుంది. మోటార్ అడుగులు అడుగులుగా తిరగడం వల్ల వచ్చే వణుకు అది. దీన్ని తప్పించుకోవడానికి వేగం కొంచెం పెంచి, సెకనుకు 50 ఫ్రేములతో తీసి, ఎడిటింగ్‌లో సగానికి తగ్గిస్తున్నాను. ఇలా తీయడం మొదలుపెట్టాక క్లయింట్ల దగ్గర టెన్షన్ లేదు. కెమెరాలో కుదుపులను సర్దే స్టెబిలైజేషన్ కూడా ఆపేయాలి. లేకపోతే కదలిక మొదలైనప్పుడూ ఆగేటప్పుడూ ఫ్రేమ్ ఒక్కసారి గుంజినట్టవుతుంది.

టైమ్‌ల్యాప్స్ (వరసగా తీసిన ఫోటోలు కలిపి, గంటల మార్పును సెకన్లలో చూపే వీడియో) విషయంలో నాకు పూర్తి తృప్తి. ఒక ఫోటో తీయడం, కాస్త జరగడం, ఆగి మళ్లీ ఫోటో తీయడం, ఇదంతా దానంతట అదే చేసుకుంటుంది. లెక్క మాత్రం మనమే వేసుకోవాలి. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన 10 సెకన్ల క్లిప్‌కు 250 ఫోటోలు కావాలి. నాలుగు సెకన్లకు ఒకటి చొప్పున తీస్తే దాదాపు 17 నిమిషాలు. కృష్ణ ఒడ్డు నుంచి సాయంత్రం ప్రకాశం బ్యారేజీని తీయాలనుకునేవాళ్లకు ఒక మాట. 1,200 మీటర్లకు పైగా పొడవున్న కట్టడం ముందు కెమెరా అర మీటరు జరిగితే అది ఇసుమంత కూడా కదిలినట్టు అనిపించదు. ఒడ్డున కట్టేసిన పడవో, రెయిలింగో, గడ్డి దుబ్బో లెన్స్‌కు దగ్గరగా ఉండాలి. దగ్గరున్నది చకచకా జరిగి, దూరంగా ఉన్నది నిలకడగా ఉంటేనే చూసేవాళ్లకు లోతు తెలుస్తుంది. స్లైడర్ కొని కూడా షాట్లు చప్పగా ఉన్నాయని బాధపడే చాలామందికి లేనిది ఈ ముందున్న వస్తువే.

పెళ్లిలో ముహూర్తం వేళకు దీన్ని బ్యాగులో పెట్టేయండి. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం మన స్లైడర్ చివరికి చేరేదాకా ఆగదు, పైగా మండపం ముందు చుట్టాలు, పిల్లలు, ఫోన్లు. తలంబ్రాలప్పుడు చేతిలో కెమెరా ఉండాల్సిందే. జనం రాకముందు మాత్రం ఓ గంట దొరికితే చాలు: ఖాళీ మండపం, అడ్డుతెర, పసుపు పూసిన కొబ్బరి బోండాం, పళ్లెంలో మంగళసూత్రాలు, పట్టుచీర జరీ అంచు. ఆల్బమ్ వీడియో మొదట్లో అందరూ మెచ్చుకునే షాట్లు అక్కడే వస్తాయి.

చప్పుడు గురించి కూడా చెప్పాలి. మోటార్ సన్నగా ఈలలా మోగుతుంది. మాట్లాడేవాళ్లకు కాలర్ మైక్ పెడితే ఇబ్బంది లేదు. కెమెరా మీదున్న మైక్‌తో అయితే ప్రతి మాట వెనకా అది వినిపిస్తుంది. ఫోన్ యాప్‌తో నడపడం చూడ్డానికి బాగుంటుంది కానీ పది ఫోన్లున్న హాల్లో బ్లూటూత్ తెగిపోతుంటుంది. అందుకే నేను స్లైడర్ మీదున్న బటన్లనే వాడతాను. ఏటవాలుగా, నిలువుగా పెట్టి తీసేవాళ్లు మరీ జాగ్రత్త. అడ్డంగా మోసే బరువులో చిన్న భాగమే నిలువుగా మోయగలదు. బ్యాటరీ అయిపోతే ప్లేటును పట్టి ఉంచేది ఏదీ ఉండదు, కెమెరా జర్రున కిందికి వచ్చేస్తుంది. నిలువు షాట్‌కు ముందు నిండుగా ఛార్జ్ చేసిన బ్యాటరీ వేయడం నాకు అలవాటు.

రాడ్లకు నూనె రాయకండి. కొండపల్లిలో గాలంతా చెక్క పొట్టే, నూనె ఉంటే అదంతా అతుక్కుని చక్రాలు గరగరమంటాయి. పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే చాలు. వాడగా వాడగా నా స్లైడర్ బెల్టు వదులైంది, దిక్కు మారిన ప్రతిసారీ ప్లేటు ఒక క్షణం ఆలస్యంగా కదిలేది. బిగించడానికి ఉన్న స్క్రూతో కొన్నాళ్లు నెట్టుకొచ్చాను. కొత్త బెల్టు అడిగితే అమ్మిన కంపెనీ విడిగా ఇవ్వమని, మొత్తం యూనిట్ పంపమని చెప్పింది. ఇంత ఖరీదైన వస్తువుకు అది అన్యాయం. చివరికి 3డీ ప్రింటర్ల సామాన్లు అమ్మే షాపులో అదే పళ్ల కొలత, అదే వెడల్పు ఉన్న బెల్టు మీటరు లెక్కన దొరికింది. పాత ముక్క పక్కన పెట్టి పళ్లు కలుస్తున్నాయో లేదో చూసి కొన్నాను, ఇప్పటికీ అదే నడుస్తోంది.

కొనే ముందు మీ కెమెరా, మీ బరువైన లెన్స్ తీసుకుని షాపుకే వెళ్లండి. అతి తక్కువ వేగంలో నడిపి, కెమెరా స్క్రీన్ మీది బొమ్మను పెద్దది చేసి వణుకు ఉందేమో చూడండి. మధ్యలో, రెండు చివర్లా లెవెల్ చూడండి. చెవి దగ్గర పెట్టుకుని మోటార్ చప్పుడు వినండి. బెల్టు విడిగా ఇస్తారా అని అడిగి, ఇస్తామంటే బిల్లుతో పాటు ఒకటి అప్పుడే కొనేసుకోండి.