ప్రాణహిత గట్టున ఏడు ఫాల్గుణాలు: ఒక 8×42 బైనాక్యులర్‌పై సమీక్ష

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి కాస్త ఎగువన, నది గట్టును ఆనుకొని మా ఇల్లు ఉంది. 2018 డిసెంబరులో హైదరాబాదులోని ఒక దుకాణంలో పన్నెండు వేల రూపాయలకు కొన్న 8×42 బైనాక్యులర్‌ను 2025 ఫాల్గుణం దాకా, ఊళ్లో ఉన్న ప్రతి రోజూ, ఈ ఇంటి వసారాలో నుంచే వాడాను. అడవుల వెంట తిరిగేవారు రాసిన సమీక్షలు చాలా కనిపిస్తాయి గాని, ఇల్లు కదలకుండా అవే చెట్లను, అదే ఇసుక మేటను ఏళ్ల తరబడి చూసేవారికి ఏది పనికివస్తుందో చెప్పేవి నాకు దొరకలేదు; అందుకే రాస్తున్నాను.

ముందుగా ఆ అంకెల సంగతి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందని, 42 అంటే ముందున్న అద్దం వ్యాసం 42 మిల్లీమీటర్లని అర్థం. 42ను 8తో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్లు మన కంటికి చేరే వెలుగు వెడల్పు. దుకాణంలో ఎవరూ ప్రస్తావించని ఈ మూడో అంకే నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడింది. ఫాల్గుణంలో ఎండ తొందరగా ముదురుతుంది కనుక పక్షుల సందడి అంతా తొలి వెలుగులోనే ఉంటుంది. ఆ మసకలో కంటిపాప బాగా విప్పారి ఉన్నప్పుడు అంత వెడల్పున వెలుగు అందితేనే, ఆకులన్నీ రాలి ఎర్రటి పూలు మాత్రమే మిగిలిన బూరుగు కొమ్మ మీది నల్లని ఆకారం కాకో, కోయిలో, తోక చీలిన పసులపోలిగాడో తేల్చుకోగలం.

మా బావమరిది దగ్గర 10×50 ఉంది. వెలుగు విషయంలో అది దీనికి ఏమీ తీసిపోదు. అయితే అది దాదాపు కిలో బరువు ఉండటంతో ఐదు నిమిషాలు ఎత్తి పట్టుకునేసరికి చేతి వణుకు పదింతలై కంటికి కనిపిస్తుంది. నాది 650 గ్రాములే. మిరప చేను పక్కన కరెంటు స్తంభం మీద కూర్చునే పాలపిట్ట జత కట్టే ఈ రోజుల్లో హఠాత్తుగా నిట్టనిలువునా పైకి లేచి, కర్కశంగా అరుస్తూ, రెక్కలు అటూ ఇటూ దొర్లించుకుంటూ కిందికి దూకుతుంది. ఆ నీలం రెక్కలను చివరిదాకా అద్దంలో పట్టి ఉంచగలిగింది 8× మాత్రమే, ఎందుకంటే అందులో ఒకేసారి కనిపించే మేర ఎక్కువ: వెయ్యి మీటర్ల దూరాన సుమారు 140 మీటర్ల వెడల్పు. వసారాలో కూర్చొని చూసేవారు 10× కోసం ఆశపడవద్దని గట్టిగా చెబుతున్నాను.

మేము నదికి తూర్పు ఒడ్డున ఉన్నాం, ఆవలి ఒడ్డు తెలంగాణ. పొద్దున సూర్యుడు మా వెనుక ఉంటాడు కాబట్టి ఇసుక మేటల మీది జక్కవ బాతులు ఇటుక రంగుతో, పాలిపోయిన తలలతో అచ్చంగా కనిపిస్తాయి. సాయంత్రం మాత్రం ఎండ ఎదురు పడి అద్దంలో తెల్లటి పొర కమ్ముకుంటుంది. ఖరీదైన వాటిలో ఈ లోపం తక్కువట, దీనిలో ఎక్కువగానే ఉంది. పైగా ఏమరుపాటున సూర్యుని వైపు తిప్పితే కంటికే ప్రమాదం. అందువల్ల పొద్దు వాలాక నది వైపు చూడటం మానేశాను. 2019లో దిగువన మేడిగడ్డ బ్యారేజీ పూర్తయి నీళ్లు నిలిచిన కాలంలో దగ్గరి మేటలు మునిగిపోయి జక్కవలు చాలా దూరంగా కూర్చునేవి. అప్పుడు ఎనిమిది రెట్లు చాలలేదని ఒప్పుకోవాలి. 2023 అక్టోబరులో బ్యారేజీ స్తంభాలు కుంగాక గేట్లు ఎత్తి ఉంచడంతో ఇసుక మళ్లీ తేలింది, పక్షులూ మళ్లీ దగ్గరికి వచ్చాయి. ఎండలు ముదిరే వేళకు అవి హిమాలయాల వైపు వెళ్లిపోతాయి కనుక ఈ నెలే వాటికి వీడ్కోలు నెల.

ఈ పరికరం విలువ నాకు పూర్తిగా తెలిసింది కంసాలి పిట్ట వల్ల. పెరట్లోని మునగ చెట్టు ఎండు కొమ్మ మీద, మా అరుగుకు పది మీటర్ల దూరంలో, మాఘం చివర నుంచి అది సుత్తితో కొట్టినట్టు టుక్ టుక్ మని మోగిస్తుంది. ఆ చప్పుడు చిన్నప్పటి నుంచి వింటున్నదే. బైనాక్యులర్ పెట్టి చూసినప్పుడు ముక్కు మూసే ఉంది. ఒక్కొక్క మోతకు గొంతుకు రెండు పక్కలా చర్మం బుడగలా ఉబ్బి, వెంటనే లోపలికి పోతోంది. మా అమ్మకు ఇస్తే చాలాసేపు చూసి, "అరే, నోరు తెరుస్తనే లేదు గదరా! గొంతుతోనే కొడుతాంది" అంది. డెబ్బై ఏళ్లుగా ఆ పిట్టను గొంతుతోనే గుర్తుపట్టే మనిషి ఆ మాట అన్న తీరు నేను మరచిపోలేను. ఆ కొమ్మ అడుగు భాగంలోనే ఆడ, మగ వంతులు వేసుకొని తొర్ర తొలిచాయి. తల బయటికి పెట్టినప్పుడు ముక్కు మొదట్లోని మీసాల వంటి వెంట్రుకలకు అంటుకున్న తెల్లటి పొట్టు, నుదుటి ఎరుపు, కంటి చుట్టూ పసుపు విడివిడిగా లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా కనిపించాయి.

ఇక లోపాలు. మూడో ఏడు వానాకాలం తరువాత కుడి గొట్టం లోపలి అద్దం మీద సాలెగూడు వంటి బూజు పట్టింది. లోపల నత్రజని నింపినట్టు, నీరు చేరనట్టు పెట్టె మీద రాసి ఉన్నా, సీలు ఎక్కడో సడలితే ఆ రక్షణ పోయినట్టే. బాగుచేసే కేంద్రంవారు కొన్న ధరలో సగానికి పైగా అడిగి, రెండు నెలలు తమ దగ్గరే ఉంచుకొని, ఆ ఏడు ఫాల్గుణం సగం గడిచాక గాని తిరిగి ఇవ్వలేదు. మోదుగ పూత నేను వట్టి కళ్లతోనే చూశాను. ఆ బాధ ఇంకా పోలేదు. అప్పటి నుంచి వానాకాలమంతా గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ గుళికలు పోసి అందులోనే పెడుతున్నాను. నీలం గుళికలు గులాబీ రంగుకు మారగానే, వంటకు వాడని పాత పెనం మీద వేడి చేస్తే మళ్లీ నీలమవుతాయి. ఆ తరువాత మళ్లీ బూజు రాలేదు.

మే నెల ఎండలకు కంటి దగ్గరి రబ్బరు జిగటగా మారి ఎడమ వైపుది చిరిగిపోయింది. సైకిల్ ట్యూబు ముక్క కోసి తొడిగాను, అది అసలు దానికన్నా మన్నికగా ఉంది. ఇంట్లో నలుగురూ వాడేవారైతే కుడి కంటి దగ్గర, చూపుకు తగ్గట్టు తిప్పుకునే సవరణ చక్రం ఎవరికి ఎక్కడ ఉండాలో తెల్ల రంగుతో గీతలు పెట్టుకోవడం మంచిది, మేము పెట్టుకున్నాం. కళ్లజోడుతో కూడా అంచులు కోసుకుపోకుండా కనిపిస్తుంది.

నన్ను నిజంగా నిరాశపరచింది ఒకటే. మూడు మీటర్లకన్నా దగ్గరి వస్తువు దీనిలో స్పష్టంగా కుదురుకోదు. ఈ ఫాల్గుణంలో తేనెపిట్ట మా వసారా వాసానికి వేలాడే తీగ మీదనే సాలెపట్టు చుట్టి గూడు అల్లుతోంది. నా కుర్చీకి రెండు మీటర్లు. కుర్చీని పెరట్లోకి జరిపి, నిమ్మచెట్టు చాటు నుంచి చూస్తున్నాను. మళ్లీ కొనవలసి వస్తే 8×42నే కొంటాను గాని, రెండు మీటర్ల లోపు కుదురుతుందో లేదో దుకాణంలోనే నా అరచేతి గీతలు చూసి పరీక్షించి తీసుకుంటాను.