వాకింగ్‌కి తోడుగా ఏది మేలు: ల్యాబ్రడారా, మన నాటు కుక్కా?

స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చిన నాన్నని రోజూ అరగంట నడవమంటారు డాక్టర్లు. ఆయన నాలుగు రోజులు నడిచి, ఐదో రోజు మోకాళ్ల నొప్పులని కూర్చుంటారు. "ఒక కుక్కని తెస్తే సరి, అదే లాక్కెళ్తుంది" అంటారు ఇంట్లో ఎవరో ఒకరు. మంచి మాటే. కానీ కుక్క అనగానే అందరికీ ల్యాబ్రడారే గుర్తొస్తుంది. హైదరాబాద్, విజయవాడ లాంటి ఎండ ఊళ్లలో ఉండేవాళ్లు దానికి అడ్వాన్స్ ఇచ్చే ముందు, మన నాటు కుక్కని కూడా దాని పక్కన పెట్టి చూడాలని నా కోరిక.

ముందు కుక్క వల్ల ఆరోగ్యం బాగుపడుతుందన్నది ఎంతవరకు నిజమో చూద్దాం. స్వీడన్‌లో 34 లక్షల మంది వివరాలను 12 ఏళ్ల పాటు గమనించి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒంటరిగా ఉండేవాళ్లలో కుక్క ఉన్నవాళ్లకి, లేనివాళ్లతో పోలిస్తే, మరణించే ముప్పు 33 శాతం తక్కువగా కనిపించింది. ఇంట్లో ఇంకా మనుషులు ఉన్నవాళ్లలో ఆ తేడా 11 శాతమే. పిల్లలు డాలస్‌లోనో బెంగళూరులోనో స్థిరపడితే ఇక్కడ ఒక్కరే మిగిలిన అమ్మానాన్నలు మన కాలనీల్లో ఎంతమంది ఉన్నారో తలచుకుంటే, ఈ లెక్క నన్ను వదలదు. అసలు ఓపిక ఉన్నవాళ్లే కుక్కని పెంచుకుంటారేమో అన్న అనుమానం కూడా సబబే. అందుకే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో కుక్క వల్ల గుండె జబ్బుల ముప్పు తగ్గే అవకాశం ఉందంటూనే, కేవలం ఆ ఒక్క కారణంతో పెంచుకోవద్దని కూడా చెప్పింది.

నడక ఒక్కటే కాదు, మనసు సంగతీ ఉంది. కుక్కా దాన్ని పెంచేవాళ్లూ కళ్లలోకి కళ్లు పెట్టి చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని జపాన్ పరిశోధకులు 2015లో చూపించారు. తల్లి బిడ్డకి పాలిచ్చేటప్పుడు విడుదలయ్యే హార్మోన్ అది. ఆ ప్రేమకి జాతి కుక్క అని రాసిచ్చే పెడిగ్రీ సర్టిఫికెట్‌తో పనిలేదు. కాబట్టి తేడా అంతా రోజువారీ బతుకులోనే.

మొదటిది ఎండ. ల్యాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో చల్లటి నీళ్లలో జాలర్లకి సాయం చేసిన కుక్కలు. పైన నీళ్లు దిగని వెంట్రుకలు, వాటి కింద ఒత్తైన మరో పొర ఉంటాయి. మా బాబాయి వాళ్ల ల్యాబ్ ఏప్రిల్లో ఉదయం ఏడున్నర దాటితే చాలు, కాలనీ మలుపులోని వేపచెట్టు కింద బోర్లా పడుకుని, నాలుక పక్కకి వేలాడేసి, ఎంత లాగినా కదలదు. ఇక ఆ పూటకి బాబాయి నడక కూడా అక్కడితో సరి. నాటు కుక్కది పొట్టి బొచ్చు, సన్నటి ఒళ్లు. మన ఎండలు దానికి కొత్త కాదు. అలాగని మిట్టమధ్యాహ్నం తిప్పమని కాదు. ఏ కుక్కనైనా బయటికి తీసుకెళ్లే ముందు తారురోడ్డు మీద అరచేతి వెనకవైపు ఐదారు సెకన్లు ఆనించి చూడండి. మన చెయ్యి ఆగలేకపోతే దాని పాదాలూ కాలతాయి.

రెండోది బరువు. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ దీని గురించే. పెరిగిన ల్యాబ్ 25 నుంచి 36 కిలోలు ఉంటుంది. పిల్లిని చూసి ఒక్కసారి ఉరికితే అరవై ఐదేళ్ల మనిషి బెల్టు పట్టుకుని నిలదొక్కుకోవడం కష్టం. కుక్కని నడిపిస్తూ పడి తుంటి లాంటి ఎముకలు విరిగిన పెద్దవాళ్ల కేసుల మీద అమెరికాలో 2019లో ఒక పరిశోధన పత్రమే వచ్చింది. గుండె కోసం కుక్కని తెచ్చి తుంటి ఆపరేషన్ దాకా పోతే ఏం లాభం? నాటు కుక్క సాధారణంగా 15, 20 కిలోలే ఉంటుంది. దాని లాగుడు చేతికి తట్టుకునేంతే.

ఇక తిండి. ల్యాబ్రడార్లకి ఎంత తిన్నా ఆకలి తీరదని అందరూ నవ్వుతారు కానీ, పాపం దానికి జన్యు కారణం ఉంది. దాదాపు నాలుగో వంతు ల్యాబ్‌లలో ఆకలిని అదుపు చేసే జన్యువులో లోపం ఉందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో కనుక్కున్నారు. దానికి తోడు మన ఇళ్లలో "ఇంకొక ముద్ద పెట్టు పాపం" అనే బామ్మలు. లావెక్కిన ల్యాబ్‌కి తుంటి కీళ్లు అరిగిపోతాయి. ఇక నడిచేదెవరు? నాటు కుక్కల్లో ఇలాంటి జాతి రోగాలు తక్కువ. అయితే ఏ కుక్కకైనా ఉల్లి, వెల్లుల్లి విషమే, రక్తకణాలను దెబ్బతీస్తాయి. మిగిలిన కోడికూర గ్రేవీ కలిపి అన్నం పెట్టే అలవాటు మానుకోవాలి.

స్వభావంలో మాత్రం ల్యాబ్‌దే పైచేయి, ఒప్పుకుని తీరాలి. మనవడు చెవులు లాగినా, చుట్టాలు పదిమంది వచ్చినా తోక ఊపుతుంది. చెప్పింది త్వరగా నేర్చుకుంటుంది. నాటు కుక్కకి కొత్తవాళ్లంటే అనుమానం. ఫ్లాట్‌లో లిఫ్ట్ చప్పుడైనా, కొరియర్ అబ్బాయి బెల్ కొట్టినా మొరుగుతుంది, పక్కవాళ్లు గొడవకొస్తారు. రెండు మూడు నెలల వయసులోపే నలుగురిలో తిప్పి అలవాటు చేస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. ఒంటరిగా ఉండే ఆడవాళ్లకి మాత్రం ఆ మొరుగుడే రాత్రిపూట ధైర్యం.

రేబిస్ టీకా, నులిపురుగుల మందు, పిడుదులు ఏరడం రెండింటికీ ఒకటే. మూడు నెలల వయసులో మొదటి రేబిస్ టీకా వేయించాలి. తర్వాత బూస్టర్లు డాక్టర్ చెప్పిన తేదీకి తప్పకూడదు. లక్షణాలు మొదలయ్యాక రేబిస్ నుంచి బయటపడటం దాదాపు అసాధ్యం. కరిచినా, గోరు గీరినా పావుగంట సేపు సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చిన్నపిల్లలున్న ఇల్లు, పరిగెత్తే వయసు మనుషులు, పగలంతా ఇంట్లో ఎవరో ఒకరు, మంచి నీడ ఉంటే ల్యాబ్‌ని ఆనందంగా తెచ్చుకోండి. స్వీడన్ అధ్యయనంలో ఎక్కువ మేలు కనిపించింది వేట జాతుల్ని పెంచేవాళ్లకే, ల్యాబ్రడార్ కూడా ఆ కోవలోదే. వాటిని ఎక్కువ తిప్పాల్సి రావడం అందుకు ఒక కారణం కావచ్చు. అరవై దాటినవాళ్లకి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి మాత్రం నేను చెప్పేది రెండేళ్లు నిండిన నాటు కుక్క. ఆ వయసుకి దాని గుణం తెలిసిపోతుంది. రాత్రంతా ఏడ్చి నిద్ర చెడగొట్టే కుక్కపిల్ల బీపీ ఉన్న మనిషికి ఏం సాయం చేస్తుంది?

అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి చోట్ల నాటు కుక్కల్ని దత్తత ఇస్తారు. టీకా కార్డు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందో లేదో అడగండి. నాన్నని వెంట తీసుకెళ్లండి. బెల్టు ఆయన చేతికే ఇచ్చి, ఆ ఆవరణలో ఓ పావుగంట నడవనివ్వండి. మీకు ఏది ముద్దుగా కనిపించిందన్నది తర్వాత సంగతి, ఆయన పక్కన ఏది నిదానంగా నడిచిందో దాన్నే ఇంటికి తెచ్చుకోండి.