పొడుగు డబ్బా, పొట్టి డబ్బా: 10 మెగాహెర్ట్జ్ క్రిస్టళ్లు ఏళ్ల తరబడి వాడాక

హామ్ రేడియోవాళ్లు ఇంట్లోనే కట్టుకునే బిట్ఎక్స్ తరహా ఎస్ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) సెట్టు కట్టాలంటే ఫిల్టరుకు నాలుగు, బీఎఫ్ఓకు (సిగ్నల్‌ను తిరిగి మాటగా మార్చే ఆసిలేటరు) ఒకటి క్రిస్టళ్లు, అంటే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర కంపించే క్వార్ట్జ్ పలకలున్న డబ్బాలు, కావాలి. కడపలో రెండు రకాలూ వాడి చూశాం: హెచ్‌సీ-49/యూ అనే పొడుగు డబ్బా, హెచ్‌సీ-49/ఎస్ అనే పొట్టి డబ్బా. ధరలో తేడా కొంచెమే, పనిలో మాత్రం చాలా ఉంది.

డబ్బా మీద 10.000 అని అచ్చేసినంత మాత్రాన నమ్మకండి. 30 పీపీఎం (పది లక్షల్లో 30 వంతులు) తేడా అంటే 300 హెర్ట్జ్ పైకైనా పోవచ్చు, కిందికైనా రావచ్చు. అలాంటివి నాలుగు కలిపి 2.4 కిలోహెర్ట్జ్ ఫిల్టరు కడితే మధ్యలో గుంతలు పడి మాట డొల్లగా వినిపిస్తుంది. ఒకే లాటులోవి ఇరవై కొని ఏరుకోవడమే దారి. ఏరడానికి బీసీ547 ట్రాన్సిస్టర్‌తో కాల్‌పిట్స్ ఆసిలేటరు, రెండు 220 పీఎఫ్ కెపాసిటర్లు, 7809 (9 వోల్టుల రెగ్యులేటరు) నుంచి సప్లై, క్రిస్టల్‌కు సాకెట్టు, 1 హెర్ట్జ్ దాకా చూపే ఫ్రీక్వెన్సీ కౌంటరు చాలు. గుచ్చాక ఒక నిమిషం ఆగి అంకె రాసుకోండి. వేళ్ల వేడికే అంకె కదులుతుంది, కాబట్టి పట్టకారుతో గుచ్చితే మేలు. 50 హెర్ట్జ్ లోపు కలిసే నాలుగు ఫిల్టరుకు పోతాయి.

ఇంతవరకు పొట్టి డబ్బా కూడా పనికొస్తుంది. బీఎఫ్ఓ దగ్గరే అది మొండికేస్తుంది. క్రిస్టల్‌కు సిరీస్‌లో ట్రిమ్మరు (తిప్పి సరిచేసే చిన్న కెపాసిటరు) పెడితే ఫ్రీక్వెన్సీ పైకి, కాయిల్ పెడితే కిందికి జరగాలి. పొట్టి దాంట్లో క్వార్ట్జ్ పలక సన్నటి పట్టీ, దాని మోషనల్ కెపాసిటెన్స్ (పలక కంపనాన్ని సర్క్యూట్‌లో సూచించే కెపాసిటెన్స్) తక్కువ, అందుకే పెద్దగా జరగదు. వీఎక్స్ఓ (క్రిస్టల్ ఫ్రీక్వెన్సీని జరుపుతూ ట్యూన్ చేసే ఆసిలేటరు) కట్టేవాళ్లు దాని జోలికే పోవద్దు.

మే నెలలో రేకుల కింద పెట్టిన సెట్టు లోపల 50 డిగ్రీలు దాటుతుంది. స్టేషన్ జరిగిపోతుంటే అందరూ క్రిస్టల్‌నే తిడతారు, అది అన్యాయం. ఏటీ కోత, అంటే సుమారు 35 డిగ్రీల 15 నిమిషాల కోణంలో కోసిన పలక, గది వేడి చుట్టుపక్కల దాదాపు నిలకడగా ఉంటుంది. 10 పీపీఎం కదిలినా 100 హెర్ట్జే. కిలోహెర్ట్జ్‌లలో జరిగేది కాయిల్‌తో కట్టిన వీఎఫ్ఓ, అంటే స్టేషన్‌ను ట్యూన్ చేసే ఆసిలేటరు. బీఎఫ్ఓలో మామూలు డిస్కు కెపాసిటర్లు తీసి ఎన్‌పీఓవి (వేడికి విలువ దాదాపు మారని రకం) వేస్తే మిగతా కదలికా చాలావరకు తగ్గుతుంది.

క్రిస్టల్ చచ్చేది ఎక్కువగా మన చేతుల్లోనే. గచ్చు మీద పడితే లోపలి పలక పట్టు వదులుతుంది. డబ్బాను ఎర్త్‌కు కలిపేటప్పుడు టంకం కడ్డీని రెండు మూడు సెకన్లకు మించి ఆనించకూడదు. కాళ్ల దగ్గర బోర్డుకూ డబ్బాకూ సందు వదలండి, లేదంటే అడుగు లోహం ట్రాకులకు తగిలి షార్టవుతుంది. ఒకే ట్రాన్సిస్టర్‌తో పవర్ ఆసిలేటర్‌గా కట్టే మోర్స్ ట్రాన్స్‌మిటర్లలో పలక మీద భారం మిల్లీవాట్లు దాటి వేడెక్కుతుంది, కీ నొక్కగానే స్వరం జారుతుంది. దానికి మందు, ఆసిలేటరును చిన్నగా ఉంచి వెనక బఫరు వేయడం.

48 మెగాహెర్ట్జ్ అని రాసిన క్రిస్టల్ టెస్టు ఆసిలేటర్‌లో 16 దగ్గర పలికితే పారేయకండి. అది మూడో ఓవర్‌టోన్‌ది, అంటే పలక అసలు ఫ్రీక్వెన్సీకి సుమారు మూడు రెట్ల దగ్గర వాడేది, ట్యూన్డ్ సర్క్యూట్ పెడితే 48కే వస్తుంది.