భోగి రాత్రి పొట్లాలు: ఆరేళ్లు వాడి చూశాక

పండక్కి ఇంటికొచ్చిన చుట్టాలు మేడ మీది గదిలోకి తొంగి చూసి, "ఇంకా ఈ సీసాలతో ఆటలేనా?" అని అడుగుతారు. ఆటలే. నల్లగొండలో దస్తావేజులు రాసుకుని బతికే మనిషిని. 1998లో రసాయనశాస్త్రంతో బీఎస్సీ పట్టా పుచ్చుకున్న తర్వాత మళ్లీ ప్రయోగశాల గడప తొక్కలేదు. ఆ వెలితి ఉన్నవాళ్లు రాష్ట్రాలన్నిటా ఉంటారని అంతర్జాలం పుణ్యమా అని తెలిసింది. పద్నాలుగు మందిమి ఒకచోట చేరాం. అందులో బడిపంతుళ్లు, ఒక మందుల దుకాణం యజమాని, విశాఖలో ఎమ్మెస్సీ చదివే ఒక అమ్మాయి, బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసే ఇద్దరు ఉన్నారు. 2020 సంక్రాంతి నుంచి ఏటా ఒకరికొకరు కానుకలు పంపుకుంటున్నాం. ఈ మార్పిడిలో చేరాలా వద్దా అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. అందుకే ఇది రాస్తున్నాను.

డిసెంబరు మొదటి వారంలో చీటీలు తీస్తాం. ఎవరి పేరు వస్తే వాళ్లకు ఆరు వందల రూపాయలు మించకుండా ఒక వస్తువు పంపాలి. భోగి రాత్రి అందరం ఫోన్ల ముందు కూర్చుని పొట్లాలు విప్పుతాం. నిబంధనలు రాసే పని నా వృత్తిని బట్టి నాకే అప్పగించారు. "ఇందుమూలముగా" అని మొదలుపెట్టి రెండు పేజీలు రాశాను. నవ్వుకుని అర పేజీకి కోసేశారు. చివరికి మూడు మాటలు మిగిలాయి. ఆమ్లాలు, విషాలు, నిప్పు రాజేసేవి కొరియరులో పంపకూడదు. పొట్లంలో ఉన్నది ఏమిటో, ఎప్పటిదో, పనికిరాకపోతే ఎలా పారేయాలో కాగితం మీద రాసి లోపల పెట్టాలి. పుచ్చుకున్నవాళ్లు దానితో ఏం చేశారో ఉగాదిలోగా లెక్క చెప్పాలి. ఈ మూడోది నేను పట్టుబట్టి పెట్టించాను. మొదట్లో అందరికీ అది చాదస్తంగానే తోచింది.

మొదటి ఏడాది నాకు 250 మిల్లీలీటర్ల బోరోసిలికేట్ బీకరు వచ్చింది. వేడికి ఆ గాజు వ్యాకోచించేది మామూలు గాజులో మూడో వంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే, అందుకే పొయ్యి మీద పెట్టినా పగలదు. అయితే పార్సిలు విసిరేసేవాళ్ల చేతికి ఆ గుణంతో పనిలేదు. అయిదు ముక్కలై వచ్చింది. పంపినాయన నొచ్చుకుని వరిగడ్డిలో చుట్టి మరొకటి పంపాడు. ఈ రోజుకీ అదే వాడుతున్నాను. మంచి బీకరు గురించి అంతకంటే చెప్పేదేమీ ఉండదు.

రెండో ఏడాది విశాఖ అమ్మాయి పంపిన మైలుతుత్తం స్ఫటికం. దారానికి వేలాడదీసి మూడు నెలలు పెంచిందట. చింతగింజ కంటే పెద్దది, నెమలికంఠం నీలం. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి నెలల తరబడి మురిసిపోయాను. మే నెల వచ్చింది. మా ఊరి మే నెల గురించి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒకనాడు చూస్తే స్ఫటికం అంచులన్నీ బూడిద పూసుకున్నట్టు తెల్లబడ్డాయి. మైలుతుత్తం నీలం రంగు దాని లోపలి నీటి చలవే. ఒక్కో కాపర్ సల్ఫేట్ అణువును అయిదు నీటి అణువులు అంటిపెట్టుకుని ఉంటాయి. పొడి గాలి, ఎండ కలిసి పైపొర నుంచి ఆ నీటిని లాగేశాయి. ఆ పిల్లకు ఫోను చేసి వాపోతే, "కాగితం చదవలేదా అంకుల్?" అంది. తీసి చూశాను. రంగులేని గోళ్ల పాలిష్ రెండు పూతలు వేయాలని, ఎండ తగలకుండా ఉంచాలని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. సంతకం పెట్టే ముందు ప్రతి పంక్తీ చదువుకోండని రోజుకు పదిమందికి చెప్పే నోరు నాది.

మూడో ఏడాది గురించి రాయాలని లేదు కానీ రాయాలి. పేరు లేని సీసాలో తెల్లటి పొడి, ఒక శుభాకాంక్షల కార్డు. కాగితం లేదు. పంపినాయన ఎవరో తర్వాత తెలిసింది, పేరు చెప్పను. ఇంట్లో పేరుకుపోయిన పాత సరుకులోంచి తీసి పంపానని, బహుశా సోడియం సల్ఫేట్ అయి ఉంటుందని అన్నాడు. రసాయనాల దగ్గర "బహుశా" అన్న మాటకు చోటు లేదు. రుచి చూడకూడదు, వాసన చూడకూడదు, మోరీలో పోయకూడదు. మూతకు టేపు చుట్టి, మనిషి చేతికిచ్చి ఆయనకే తిరిగి పంపించాను. మరుసటి ఏడాది చీటీల్లో ఆయన పేరు లేదు. చేరాలనుకునేవాళ్లు ఇదొక్కటి గుర్తుపెట్టుకోవాలి. ఇలాంటి మార్పిడిలో కానుక ఖరీదు కంటే దాని మీది కాగితం విలువైనది.

నాలుగో ఏడాది బెంగళూరు నుంచి గాలియం వచ్చింది. ప్లాస్టిక్ సీసాలో వేలెడంత, వెండి రంగు లోహపు ముద్ద. రష్యా శాస్త్రవేత్త మెండలీవ్ 1871లో, ఇంకా ఎవరూ కనిపెట్టక ముందే, తన మూలకాల పట్టికలో అల్యూమినియం కింది గడిలో ఇలాంటి మూలకం ఒకటి ఉండాలని చెప్పాడు. నాలుగేళ్లకే, 1875లో, ఫ్రాన్సులో అది దొరికింది. ఆ కథ చదివిన రోజుల నుంచీ దాన్ని కళ్లారా చూడాలని ఉండేది. గాలియం దాదాపు 29.8 డిగ్రీల దగ్గర కరుగుతుంది. "అరచేతిలో పెట్టుకుంటే కరిగిపోతుంది, చూసి ఆనందించండి" అని కాగితంలో రాశాడు, పాపం బెంగళూరు మనిషి. నల్లగొండలో దానికి అరచేయి ఎందుకు? శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుందంటారు. మా గాలియం సరిగ్గా అప్పుడే నీరైపోతుంది. ఆ తర్వాత నెలల తరబడి అది లోహమని చెబితే నమ్మేవాళ్లు ఉండరు. ఇంకో మొండితనం కూడా ఉంది. ఒకసారి కరిగాక, వాతావరణం చల్లబడినంత మాత్రాన తిరిగి గడ్డకట్టదు. మార్గశిరం వచ్చినా ద్రవంగానే కూర్చుంది. ఫ్రిజ్‌లో పెడదామంటే పాల పక్కన సీసాలు పెడితే ఊరుకోనని మా ఆవిడ ముందే చెప్పింది. ఆమె మాటే న్యాయం. ఈ లోహం గట్టిపడేటప్పుడు నీరు మంచుగా మారినట్టే ఉబ్బుతుంది కాబట్టి, గాజు సీసాలో నిండా పోయకూడదు.

ఆమెకు నా మీద నమ్మకం పోయింది మాత్రం వేరే కారణంగా. గాలియం అల్యూమినియంలోకి ఇంకి దాన్ని పెళుసుగా మార్చేస్తుందని చదివాను. చదివాక ఊరుకోలేకపోయాను. గీతలు పడ్డ పాత సత్తు మూత ఒకటి వంటింట్లోంచి తెచ్చి, ఒక చుక్క వేసి రుద్ది వదిలేశాను. మర్నాడు వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఆ మూత పాతదే అయినా, పాల గిన్నెకు సరిపోయేది ఇంట్లో అదొక్కటేనట. ఉగాది లెక్కలో కొత్త మూత ధర కూడా రాశాను. ఆ ప్రయోగం చుట్టాల పిల్లలకు రెండుసార్లు చేసి చూపించాను, ఆ పైన చేయడానికేమీ మిగలలేదు. ఇప్పుడా సీసా బీరువాలో ఉంది. నిరుడు వచ్చిన బిస్మత్ స్ఫటికం కూడా దాని పక్కనే ఉంది. మెట్లు మెట్లుగా, ఇంద్రధనుస్సు రంగుల్లో మెరుస్తుంది. చూసిన ప్రతి ఒక్కరూ "అబ్బ" అంటారు, తిరిగి పెట్టేస్తారు. దాని గురించి నేను రాసిన లెక్క ఒక్క వాక్యం.

నేను పంపిన వాటిలో ఒక్కటే చెప్పుకోదగ్గది. పెరటి గోడ మీద పాకిన శంఖుపుష్పాలు కోసి, వేడి నీళ్లలో నానబెట్టి, ఆ నీలపు నీళ్లలో వడపోత కాగితం ముంచి, నీడలో ఆరబెట్టి, వేలి వెడల్పున కత్తిరించాను. నిమ్మరసం తగిలితే గులాబీ వైపు తిరుగుతుంది, సబ్బునీళ్లు తగిలితే ఆకుపచ్చకు వస్తుంది. పసుపు కాగితాలు కూడా ఒక కట్ట చేశాను. సున్నపు నీళ్లు తగలగానే ఎర్రబడతాయి. పారాణి కలిపే ప్రతి ఇల్లాలికీ తెలిసిన రసాయనశాస్త్రమే. ఖర్చు ఎనభై రూపాయలు దాటలేదు. చీటీలో వచ్చిన పేరు మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక సర్కారు బడి సైన్సు సారుది. రెండు వారాలకు ఫోను చేశారు. "అయిపోయాయి. పిల్లలు బోరు నీళ్లలో, చింతపండు రసంలో, బూడిద నీళ్లలో, చివరికి హెడ్మాస్టరు గారి టీలో కూడా ముంచేశారు. ఇంకో నాలుగు కట్టలు పంపుతారా?" ఆరేళ్లలో ఇంత మంచి లెక్క మరొకటి వినలేదు.

అయిదో ఏడాది నా పేరు ఆ సారుకే తగిలింది. ఆయన కానుకలో ఆమ్లం కలిసిన ద్రావకం ఉంది కాబట్టి కొరియరులో వేయకుండా, భోగికి ముందురోజు జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా బస్సులో వచ్చి చేతికిచ్చారు. ఎక్కువైతే పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ నీళ్లలో ఎంతుందో చూసుకునే చిన్న పెట్టె అది. నల్లగొండ వాడికి ఫ్లోరైడ్ పెట్టె ఇవ్వడమంటే సముద్రం ఒడ్డు వాడికి ఉప్పు ఇచ్చినట్టు అనుకున్నాను. రెండేళ్లు వాడాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పని చేసే తీరు తేలికే. నాళికలో గీత దాకా నీళ్లు పోసి, కొలత ప్రకారం ఎర్రటి ద్రావకం కలపాలి. అందులో జిర్కోనియం ఒక రంగుతో జత కట్టి ఉంటుంది. ఫ్లోరైడ్ వచ్చి జిర్కోనియాన్ని తన వైపు లాక్కుంటే ఆ జత విడిపోయి ఎరుపు తగ్గుతూ పసుపు తేలుతుంది. ఆ రంగును అట్ట మీది పట్టీతో పోల్చుకోవాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా తాగవచ్చని మన దేశ ప్రమాణం. మునుగోడు వైపు మా అమ్మ ఉండే ఊళ్లో ఇంటి బోరు నీళ్లు పోస్తే రంగు 2కూ 3కూ మధ్య ఆగింది. మా నేల కింది గ్రానైటులోనే ఫ్లోరైడ్ ఉంది. కాల్షియం తక్కువైన నీళ్లు దాన్ని మరింత కరిగించుకుంటాయి.

లోపాలు కూడా చెప్పాలి, ఇది పొగడ్త కాదు కదా. నల్లగొండలో మా నల్లా నీళ్లు పరీక్షిస్తే బోరు కంటే ఎక్కువ పసుపు కనిపించింది. కృష్ణా నీళ్లలో ఇంత ఫ్లోరైడా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తీరా చూస్తే అది క్లోరిన్ పని. నీళ్లు శుద్ధి చేయడానికి కలిపిన క్లోరిన్ రంగును తినేస్తే, పట్టీ దాన్ని ఫ్లోరైడ్ కింద లెక్కేసింది. వెడల్పాటి పళ్లెంలో రాత్రంతా ఉంచి చూస్తే రంగు నిలబడింది. రెండో మోసం ఇంతకంటే తియ్యనిది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) 1970లలో రూపొందించింది. మా ఊరి పేరుతో దేశదేశాలకు తెలిసినది అదే. బకెట్లో చేసి చూశాను. బాగా కలిపి, తర్వాత మెల్లగా తిప్పి, గంట సేపు కదపకుండా ఉంచితే పటిక తెల్లటి తుంపులుగా దిగుతూ ఫ్లోరైడ్‌ను వెంట తీసుకెళుతుంది. పైన తేరిన నీళ్లు పరీక్షిస్తే పట్టీ 0.5 కంటే తక్కువ చూపించింది. గెలిచాననుకుని సారుకు ఫోను చేశాను. "నీళ్లలో మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఉంటుంది. అది రంగు దాకా చేరలేదు, అంతే. పోలేదు, దాక్కుంది" అన్నారాయన. నీళ్లు ప్రయోగశాలకు పంపిస్తే, అక్కడివాళ్లు ముందు ఆ పట్టు విడిపించి, ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్‌తో చూశారు. 1.4 వచ్చింది. తగ్గిన మాట నిజమే, నేను గంతులేసినంత కాదు. కొనుక్కునేవాళ్లు ఈ రెండూ తెలుసుకునే కొనుక్కోవాలి. ఎండాకాలం ద్రావకాన్ని నీడలో ఉంచాలి. పరీక్షించే నీళ్లు కూడా గది వేడికి వచ్చాకే పోయాలి.

అయినా పెట్టె ఖాళీ అయింది. మా వీధివాళ్లు, అమ్మ ఊరివాళ్లు, దస్తావేజులకు వచ్చిన రైతులు సీసాల్లో నీళ్లు తెచ్చిచ్చేవారు. యాభై పరీక్షల సరుకు పద్దెనిమిది నెలల్లో అయిపోయింది. వచ్చిన కానుకల్లో మళ్లీ నా డబ్బుతో కొనుక్కున్నది ఇదొక్కటే.

అమ్మ సంగతి ఒకటి మిగిలింది. వాళ్ల ఊరికి మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక కూడా ఆమె బోరు నీళ్లే తాగేది. "కృష్ణా నీళ్లు చప్పగా ఉంటాయి బిడ్డా, నోటికి ఆనవు" అనేది. మిల్లీగ్రాములు చెప్పాను, ప్రమాణాలు చెప్పాను. విన్నట్టు తలూపి చెంబు ముంచుకునేది. ఒక సాయంత్రం నల్లా నీళ్లు ఒక నాళికలో, బోరు నీళ్లు రెండోదాంట్లో పోసి, ఆమె ముందే పెట్టి ద్రావకం కలిపాను. ఒకటి ఎర్రగానే ఉంది. రెండోది మెల్లగా పసుపుకు తిరిగింది. కాసేపు చూసి, "ఇందులో కుంకుమ పోతోందేమిటి?" అంది. పసుపు ఎర్రబడితే పారాణి. ఎరుపు పోయి పసుపు మిగలడం ఆమెకు మంచి శకునం కాదు. నేను మాట్లాడలేదు. మర్నాటి నుంచి తాగడానికి బిందెలో నల్లా నీళ్లే పడుతోంది.

టీకి మాత్రం బోరు నీళ్లే. దానికీ పరీక్ష చేద్దామని నేను గొణిగితే, టీ రంగులో ఆ ఎరుపూ పసుపూ తేలవని ఎలా పసిగట్టిందో, "చెయ్, చూద్దాం" అంటూ గ్లాసు నా వైపు జరుపుతుంది.