తైపేలో గుడి నాటకం: వాద్యాలవాళ్లు కనిపించేచోట కూర్చోండి

తైవాన్ నాటకం ‘కోఆహీ’ చూడాలనుంటే వసంతకాలంలో తైపేలోని బావోఆన్ గుడికి వెళ్లండి. అక్కడి దేవుడి పుట్టినరోజు చాంద్రమానం మూడో నెల 15న, ఆ రోజుల్లో నాటకాలు ఉంటాయి. యువాన్‌షాన్ మెట్రో నుంచి నడిచే దూరమే. టికెట్ లేదు. వేదిక గుడివైపు తిరిగి ఉంటుంది. ఆట దేవుడికి, మనం మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లం.

మొదటిరోజు బుద్ధిగా ఎదురుగా కూర్చుని సగం పోగొట్టుకున్నాను. రెండోరోజు వాద్యాలవాళ్లు కనిపించేలా పక్కకి జరిగాను. గుడి నాటకాలకు చాలాసార్లు రాతప్రతి ఉండదు. ఆటకు ముందు కథ చెప్పే పెద్దమనిషి ఎవరెప్పుడు రావాలో, ఏం జరగాలో చెప్తాడు. మాటా పాటా నటులు అక్కడికక్కడే కట్టుకుంటారు. మరి వాద్యాలవాళ్ల గతి? రాణి వేషం కట్టినామె చివరి మాట సాగదీసి, వేళ్లతో చిన్న సైగ చేసింది. డోలాయన రెండు దెబ్బలు వేశాడు. అప్పటిదాకా టీ తాగుతున్న, కొబ్బరిచిప్పతో చేసిన ఫిడేలు వాయించే ఆయన గ్లాసు కింద పెట్టాడో లేదో, కమాను తీగమీదుంది. ఏడేసి అక్షరాల పాదాలు నాలుగు, ‘చిట్-జీ-తియావ్’ వరస. మూడో పాదంలో ఆమె ఏడుపందుకుని ఆగిపోతే, ఫిడేలు అక్కడే తిరుగుతూ ఆమె గొంతు సర్దుకునేదాకా కాచుకుంది. మన పద్యనాటకాల్లో హార్మోనిస్టూ ఇలాగే కాస్తాడు. కాకపోతే ఆయనకు పద్యం ముందే తెలుసు.

రాత్రి ఆటల్లో కీబోర్డు, డ్రమ్ములు, సినిమా పాటల్లాంటి వరసలు కూడా దూరతాయి. నాకు మధ్యాహ్నం ఆటే నచ్చింది.

ఈ నాటకం పుట్టిల్లు యీలాన్. తైపే నుంచి బస్సులో 12.9 కిలోమీటర్ల సొరంగం దాటి వెళ్లాలి. శని, ఆదివారాలు మాత్రం వద్దు, ట్రాఫిక్‌లోనే పొద్దుపోతుంది. అక్కడి సంప్రదాయ కళల కేంద్రం శుభ్రంగా ఉంది, పిల్లలకు బాగుంటుంది. నేను చూసిన ఆట మాత్రం గడియారం పెట్టి కత్తిరించినట్టుంది.

తైపేలో నేను దిగిన గదికి కిటికీయే లేదు. బుక్ చేసేముందు అడగండి. శాకాహారులు స్వస్తిక్ గుర్తున్న హోటళ్లు చూసుకోవచ్చు. చాలావాటిలో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు కనక ఆవకాయ పొట్లం వెంట ఉంచుకోండి.

మూడోరోజు వాన. గొడుగుల కింద ఆరుగురం మిగిలాం. ఆట ఆగలేదు. ఫిడేలాయన కుర్చీ రెండడుగులు లోపలికి లాక్కున్నాడు, అంతే.